నడుమెత్తు జెండాలు

ఆ రోజూ అందరికంటే ముందు లేచింది చుస్కితే. రేకు పొయ్యిలో పిడకలు వేసి రగిలించి, పొడుగాటి కొయ్య గొట్టంలో టీ, వెన్న, ఉప్పు పోసి చిలకడం మొదలుపెట్టింది. పద్నాలుగేళ్లుగా ఆ ఇంట్లో పొద్దు ఆ చప్పుడుతోనే మొదలవుతోంది. అక్టోబరు వచ్చేసింది. బయట బిందెలో నీళ్ల మీద వేలు మందాన మంచు కట్టింది. పై గదుల్లో దిగిన ముగ్గురు అతిథులు ఇంకా లేవలేదు. రాత్రంతా ఆకాశం చూసేవాళ్లు పదింటికి గానీ కదలరు. ఆకాశం చూడ్డానికే జనం వచ్చే ఈ హాన్లే ఊళ్లో ఏ ఇంటి అతిథులైనా అంతే.

తోడికోడలు యాంగ్‌డోల్ మేకల పాలు పితికి చెంబుతో లోపలికి వచ్చింది. పొద్దుటి పనిలో ఆ పిల్లకు వంక పెట్టడానికి లేదు. సాయంత్రమైతే మాత్రం దొడ్డి వైపు తొంగి కూడా చూడదు. పొద్దు వాలేసరికి ఏదో ఒక సాకు చెప్పి వంటింట్లో దూరుతుంది. ఆమె పెళ్లయి వచ్చిన ఏడాదిన్నరలో చుస్కిత్ ఈ సంగతి గుర్తు చేసుకోని సాయంత్రం లేదు. మగవాళ్లిద్దరూ ఇంట్లో ఉండేది తక్కువ. చుస్కిత్ భర్త పాడి మేకలను ఇంటి దగ్గర వదిలి, మిగతా మందతో పైన బీళ్లలో ఉంటాడు. యాంగ్‌డోల్ భర్త ఒట్సల్ లేహ్‌లో ట్రక్కు నడుపుతాడు. ఇల్లు నడిచేది ఈ ఇద్దరు ఆడవాళ్ల చేతుల మీదుగానే.

పొయ్యి పక్కన జపమాల తిప్పుకుంటున్న అత్తగారిని ఇంటిల్లిపాదీ అమాలే అనే పిలుస్తారు. ఆవిడ టీ గిన్నె అందుకుంటూ, టీలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అంది.

"ఈసారి మేళాలో మనింటి తరఫున యాంగ్‌డోల్‌ని నిలబడనీ చుస్కిత్. తను తీసిన ఆ చుక్కల ఫోటో పెట్టుకుని. ఊళ్లో అందరూ దాని గురించే అడుగుతున్నారు."

చిలికే కర్ర ఆగింది. "అలాగే అమాలే," అంది చుస్కిత్. మాట మెత్తగానే వచ్చింది. చిలికే కర్ర మాత్రం ఈసారి గొట్టం అడుగుకు గట్టిగా తగిలింది.

మేళా అంటే మామూలు సంగతి కాదు. ఏటా అక్టోబరు అమావాస్యకు ఎక్కడెక్కడి నుంచో ఆకాశం పిచ్చివాళ్లు వచ్చి నాలుగు రాత్రులు ఊరి బయట మైదానంలో గడుపుతారు. దూరదర్శిని ఉన్న ప్రతి ఇంటి నుంచీ ఒకరు నిలబడి వాళ్లకు చూపించాలి. ఈ ఇంటి నుంచి అయిదేళ్లుగా నిలబడుతున్నది చుస్కిత్. ఆమె బడి ముఖం చూడలేదు. మేకల మందల వెంట గుడారాల్లో పెరిగింది. చిన్నప్పుడు వాళ్ల నాన్న కృత్తికలు చూపించి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమనేవాడు. అందరికీ ఆరే కనిపిస్తాయి. చుస్కిత్‌కు తొమ్మిది కనిపించేవి. ఇప్పటికీ తొమ్మిదే. పట్నం వాళ్లు నమ్మక కాగితం ఇచ్చి గీయమంటే, చీకట్లోనే తొమ్మిది చుక్కలూ ఉన్నచోట ఉన్నట్టు గీసి ఇచ్చేది. వాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. పెళ్లయ్యాక ఆమెకు ఆ ఇల్లిచ్చింది చాకిరీ, ఆకాశమిచ్చింది పేరు. ఆ పేరు ఒక్కటే ఆమె సొంతం.

దాని మీదికే వచ్చి కూర్చుంది ఆ కెమెరా.

ఈ జూన్‌లో దాన్ని తెచ్చింది ప్రణబ్‌బాబు. కోల్‌కతాలో ఇంజనీరుగా రిటైరై, ఏటా వచ్చి వాళ్లింట్లోనే దిగే పెద్దాయన. ఆకాశం కోసమే చేసిన కెమెరా అది. అరచేతిలో ఇమిడే గుండ్రటి డబ్బా, కంటితో చూడ్డానికి కిటికీ కూడా లేదు, లోపల దానంతటదే చల్లబడుతుంది. ముందు మాత్రం పెళ్లి ఫోటోలు తీసేవాళ్లు వాడే మామూలు లెన్సే తగిలించాడు. పెద్ద దూరదర్శిని లేకుండానే, ఈ చిన్న లెన్సుతోనే ఎక్కడో దూరాన ఉన్న నక్షత్ర ధూళిని కూడా పట్టొచ్చని చెప్పాడు. మోయలేక వచ్చే ఏడాది దాకా ఇక్కడే ఉంచి వెళ్తాననీ, ఈలోగా ఎవరైనా నేర్చుకోండనీ అన్నాడు. ఆ మాట అన్నప్పుడు చుస్కిత్ టీ కెటిల్ పట్టుకుని ఆయన పక్కనే నిలబడి ఉంది. ఆయన చూసింది మాత్రం యాంగ్‌డోల్ వైపు. ఆ పిల్ల లేహ్‌లో పన్నెండో తరగతి దాకా చదివింది, కెమెరాను నడిపే ట్యాబ్ మీది ఇంగ్లీషు అక్షరాలు గడగడా చదివేస్తోంది. నువ్వు నేర్చుకుంటావా అని చుస్కిత్‌ను ఎవరూ అడగలేదు. ఆమె ఆయన గ్లాసులో టీ పోసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మొదట్లో ఫోటోలు ఘోరంగా వచ్చేవి. చుస్కిత్‌కు అప్పుడు భలే హాయిగా ఉండేది. మధ్యలో చుక్కలు బాగానే ఉన్నా, అంచుల్లో పిచ్చుకల్లా రెక్కలు చాచుకుని వచ్చేవి. కెమెరాకీ లెన్సుకీ మధ్య ఎడం వెంట్రుకవాసి తేడా ఉన్నా అలాగే వస్తుందట. యాంగ్‌డోల్ వెన్న డబ్బా రేకు కత్తిరించి సన్నటి ఉంగరాలు చేసి, ఒక్కొక్కటే మధ్యలో పెట్టి చూస్తూ రెండు నెలలు తంటాలు పడింది. లెన్సు తిప్పి చుక్కను సూదిమొనంత చేసి, అది కదలకుండా టేపు అంటించేది. ఆకాశంతో పాటు నెమ్మదిగా తిరిగే చిన్న యంత్రం మీద కెమెరా పెట్టి, రెండేసి నిమిషాల ఫోటోలు వందలకొద్దీ తీసి, అన్నీ కలిపి ఒకటి చేసేది. మధ్యలో లెన్సుకు మూత పెట్టి కూడా ఫోటోలు తీసేది.

"మా తోడికోడలు మూత పెట్టి ఫోటోలు తీస్తుంది. ఇంకొన్నాళ్లు పోతే పొయ్యి వెలిగించకుండా వంట చేస్తుంది," అని చుస్కిత్ అతిథుల ముందు అంటే అందరూ నవ్వారు. యాంగ్‌డోల్ కూడా తల వంచుకుని నవ్వింది.

నవ్వింది గానీ మానలేదు. సెప్టెంబరులో ఒక పొద్దున ఆ ట్యాబ్ మీద కృత్తికలు వచ్చాయి. చుట్టూ నీలం పొగ అల్లుకుని, ముసుగు వేసుకున్న పెళ్లికూతుళ్లలా ఉన్నాయి. ఆ రాత్రి అతిథులందరూ వంటింట్లో ట్యాబ్ చుట్టూ మూగారు. బయట దూరదర్శిని దగ్గర చుస్కిత్ ఒక్కతే చలిలో నిలబడి ఉంది. చివరికి ఒకావిడ వచ్చి దాంట్లో చూసి, "ఇందులో ఆ నీలం పొగ కనిపించదేంటి?" అని అడిగింది. చుస్కిత్ తానూ ఒకసారి వంగి చూసింది. వంటింటి గుమ్మంలోంచి యాంగ్‌డోల్, "ఫోటోలో అయితే బాగా కనిపిస్తుంది," అంది. ఆ ఒక్క మాట చుస్కిత్ గుండెలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

ఇంక అప్పటినుంచీ ఆ పిల్ల ఏం చేసినా తప్పే. ఆకాశం మసకబారకుండా, ఆ ఊళ్లో చీకటి పడ్డాక బయట తెల్లటి వెలుగు వేయకూడదు. కిటికీలకు నల్ల తెరలు, వాకిట్లో బల్బులుండవు. వెలుగు వేసినవాళ్లను మందలించే అధికారం చుస్కిత్‌దే. మొన్నటికి మొన్న యాంగ్‌డోల్ పెరట్లో ఫోను టార్చి వేస్తే, "ఊరంతా దీపాలు ఆర్పుకుని కూర్చుంటే మా ఇంటి మహారాణికి నడవడానికి టార్చి కావాలట," అని నలుగురిలో కడిగేసింది. ఆ మాట న్యాయమైనదే. న్యాయమైన మాటతో కొట్టడంలో ఉండే సుఖం చుస్కిత్‌కు ఆ రోజు బాగా తెలిసింది.

అప్పటికే పెరట్లో జెండాల వ్యవహారం ఒకటుంది. కెమెరా వచ్చిన కొత్తలో యాంగ్‌డోల్ వంటింటి గుమ్మం నుంచి, పిడకల కుప్ప పక్కగా తిప్పి, కెమెరా కాళ్లు ఆనించే మూడు గుర్తురాళ్ల దాకా తాడు లాగి ప్రార్థన జెండాలు కట్టింది. అవి ఇంటి కప్పుల మీదా కనుమల్లోనూ గాలికి రెపరెపలాడాలి. ఈమె నడుమెత్తున కట్టింది. "జెండాలు గాలికి కడతారు, నువ్వు మేకలకు కట్టావా?" అని చుస్కిత్ దెప్పింది. కొత్త కోడలి మొక్కు ఏదో ఉంటుందిలే, ఉండనీ అని అమాలే సర్దిచెప్పింది.

అమాలే మేళా మాటెత్తిన ఆ రోజు మధ్యాహ్నమే చుస్కిత్ గోడ మీద పిడకలు తిరగేస్తుంటే యాంగ్‌డోల్ వచ్చి పక్కన నిలబడింది.

"అచే, మేళాలో మీరే నిలబడండి. అమాలేతో నేను చెప్తాను."

అచే అంటే అక్క. ఆ పిలుపులో తేనె పోసినా చుస్కిత్‌కు ఆ రోజు చేదుగానే ఉండేది.

"నాకు దానం చేస్తున్నావా?"

"కాదు అచే. ఆ చీకట్లో, అంతమంది మధ్య నిలబడటం నా వల్ల కాదు."

"ఫోటోలు తీయడం చేతనవుతుంది, నిలబడటం చేతకాదా? ఎవరికి చెప్తున్నావ్ ఈ కబుర్లు? అక్కను బతిమాలి నిలబెట్టానని ఊరంతా నిన్ను మెచ్చుకోవాలనా?"

యాంగ్‌డోల్ ఏదో చెప్పబోయి ఆగింది. ఆ ఆగడం చూసి చుస్కిత్‌కు ఇంకా ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ మింగినదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"ఒక్క మాట అడుగుతా, చెప్పు. ఈ ఇంటికొచ్చి ఏడాదిన్నరైంది. ఒక్క రాత్రైనా తలెత్తి ఆకాశం చూశావా? నేను వేలు పెట్టి చూపిస్తుంటే ఎటో చూస్తూ తల ఊపుతావు. ఎప్పుడూ ఆ ట్యాబ్ మీదికి వంగే ఉంటావు. దేవుడు నీకూ కళ్లిచ్చాడుగా. వాటితో చూడనిదానివి, నీకు చుక్కలెందుకు?"

యాంగ్‌డోల్ ముఖం తెల్లబోయింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. లోపలికి వెళ్లి, సాయంత్రం దాకా పిండి పిసుకుతూ కూర్చుంది.

పొద్దు కొండ దిగుతుండగా చుస్కిత్ పెరట్లోకి వచ్చింది. జెండాల తాడు ముడులు విప్పి, చుట్ట చుట్టి, నిచ్చెన వేసి కప్పు మీదికి ఎక్కింది. ఉండాల్సిన చోట, ఉండాల్సిన ఎత్తున, నాలుగు మూలలా బిగించి కట్టింది. గాలి అందుకోగానే జెండాలు ఫటఫటమన్నాయి. ఎవరైనా అడిగితే ఇందులో తప్పేముంది? పద్ధతి ప్రకారం కట్టింది, పుణ్యమే. ఆ పుణ్యం చేస్తున్నంతసేపూ ఆమె పెదాలు మాత్రం కసిగా బిగుసుకునే ఉన్నాయి.

ఆ రాత్రి చుస్కిత్‌కు నిద్ర పట్టలేదు. అతిథులు దూరదర్శినిలో చూడడం ముగించి పైకి వెళ్లారు. పదిన్నరకు వంటింటి తలుపు కిర్రుమంది. యాంగ్‌డోల్ కెమెరాతో బయటికి వెళ్తోంది. యంత్రాన్నీ మూడు కాళ్ల స్టాండునూ ఎప్పట్లాగే మధ్యాహ్నమే రాళ్ల మీద నిలబెట్టి ఉంచింది. మేళాకు ఇంకా నాలుగు రోజులుంది. ఆ నీలం పొగ అంచుల దాకా తేలాలంటే ఇంకో నాలుగు గంటల ఫోటోలు కావాలని రాత్రి భోజనాల దగ్గర అమాలేతో చెప్పింది. తాడు లేకపోవడం చూసి ఏమంటుందో విందామని చుస్కిత్ దుప్పటి కింద చెవులు రిక్కించింది. బయట ఏ మాటా వినపడలేదు. కాసేపటికి మేకలన్నీ ఒక్కసారి బెదిరి అరిచాయి.

తోడేలేమో అనుకుని కర్ర తీసుకుని పరిగెత్తింది చుస్కిత్. దీపం తీసుకోలేదు. ఆమెకు దీపం అక్కర్లేదు. నడినెత్తిన పాలపుంత ధారగా పారుతోంది. ఆ వెలుగులో దొడ్డి గోడ రాళ్లూ, మేకల కొమ్ములూ, కింద పడి ఉన్న మనిషీ ఆమెకు స్పష్టంగా కనిపించాయి.

పెరటి అంచు నుంచి ఛాతీ లోతున ఉన్న దొడ్డిలోకి పడిపోయింది యాంగ్‌డోల్. మేకల మధ్య కూలబడి, కుడిచెయ్యి వేలాడేసుకుని, ఎడమచేత్తో కెమెరాను కడుపుకు హత్తుకుని ఉంది. చుస్కిత్ దొడ్డిలోకి దిగి రెండడుగుల దూరంలో ఆగింది. యాంగ్‌డోల్ తలెత్తి సరిగ్గా ఆమె వైపే చూసింది.

"ఎవరు?" అంది వణుకుతూ. "అమాలే, మీరా? ఎవరైనా ఉన్నారా?"

అలిగి కావాలని అంటోందనుకుంది చుస్కిత్. తలకు దెబ్బ తగిలిందేమో అనుకుంది. కర్ర కింద పెట్టి, చెయ్యి చాచి ఆమె ముఖం ముందు అటూ ఇటూ ఆడించింది. ఆ కళ్లు కదల్లేదు. రెప్ప కూడా పడలేదు. అంత పెద్ద ఆకాశం తళతళలాడుతూ ఆ కళ్లల్లో ప్రతిఫలిస్తోంది గానీ, ఆ కళ్లకు మాత్రం ఏదీ కనపడటం లేదు.

"యాంగ్‌డోల్, నేను కనపడటం లేదా నీకు?"

ఆ గొంతు విని యాంగ్‌డోల్ ఏడుపు ఆపుకోలేకపోయింది.

"చీకటి పడితే నాకు ఏమీ కనపడదు అచే. గోడేదో మనిషేదో తెలీదు. పుట్టినప్పటి నుంచీ ఇంతే."

చుస్కిత్ ఆమె పక్కన మేకల పెంటలోనే కూర్చుండిపోయింది. యాంగ్‌డోల్ ఎక్కిళ్ల మధ్య ఒక్కొక్కటే చెప్పింది. పొద్దు వాలాక దొడ్డికెందుకు వెళ్లదో చెప్పింది. సంధ్యవేళ టీ పోసేటప్పుడు గిన్నెలో వేలు ఎందుకు పెడుతుందో చెప్పింది. గుమ్మం నుంచి రాళ్ల దాకా ముప్ఫై రెండు అడుగులనీ, తాడు పట్టుకుంటే గానీ పిడకల కుప్ప దగ్గర మలుపు తెలియదనీ చెప్పింది. పెళ్లికి ముందు వాళ్లమ్మ, ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకుందట. సాయంత్రం మేకలను తోలలేని కోడలిని ఎవరు ఉంచుకుంటారు? ఈ సంగతి ఒట్సల్‌కు కూడా తెలియదు.

"నేనెప్పుడూ నక్షత్రాన్ని చూడలేదు అచే. చంద్రుణ్ణి చూశాను, అంతే. అందరూ చుక్కలు చుక్కలు అంటుంటే, ఉంటాయి కాబోలు అనుకునేదాన్ని. ప్రణబ్‌బాబు ఆ ట్యాబ్ చేతికిచ్చిన రోజు మొదటిసారి చూశాను. ఇన్ని ఉంటాయా అనుకున్నాను. ఆ రాత్రంతా ఏడుస్తూనే ఉన్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"మీకు తొమ్మిది కనిపిస్తాయి. నాకు ఒక్కటీ కనపడదని మీకెలా చెప్పను?"

ఇంకో మాట కూడా చెప్పింది. లేహ్‌లో డాక్టరు, చూపు పక్కల నుంచి మూసుకుపోతూ వస్తుందన్నాడు. ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేనన్నాడు. ఏదో ఒకనాటికి పగటిపూట ట్యాబ్ కూడా కనపడకపోవచ్చు. ఈలోగా మీరు చూసేదంతా ఒక్కసారైనా చూసేయాలని ఆశ, అంది.

చుస్కిత్ ఆమె వేలాడుతున్న చేతిని తన ఒడిలోకి తీసుకుంది. "తాడు నేనే తీశాను," అంది.

"తెలుసు అచే. తాడు చేతికి తగలనప్పుడే అనుకున్నాను. అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లిపోవచ్చనుకున్నాను. పైన జెండాల చప్పుడు కూడా విన్నాను."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది చుస్కిత్‌కు. ఆమెను దగ్గరికి లాక్కుని, తన పొడుగాటి ఉన్ని అంగీ, గొంచా మడతల్లో చుట్టుకుని, పసిపిల్లలా భోరున ఏడ్చింది. రెండు మేకలు వచ్చి ఇద్దరినీ వాసన చూసి పోయాయి. తర్వాత ఆమె నడుము పట్టుకుని, "నోమో, కాలెత్తు. ఇక్కడ రాయుంది," అంటూ పైకి ఎక్కించింది. నోమో అంటే చెల్లి. ఏడాదిన్నరలో ఆ పిలుపు ఆమె నోట రావడం అదే మొదలు.

పొద్దున ఆరోగ్య కేంద్రం నర్సు వచ్చి, మణికట్టు ఎముక చిట్లిందని కట్టు కట్టి వెళ్లింది. చూపు సంగతి అమాలేకు యాంగ్‌డోల్ తానే చెప్పింది. ఎవరు చెప్పినా తనే చెప్పినట్టు ఉండదని పట్టుబట్టింది. చుస్కిత్ పక్కన కూర్చుని ఆమె ఎడమచెయ్యి పట్టుకుంది. అంతా విన్నాక అమాలే జపమాల ఒక చుట్టు పూర్తిగా తిప్పింది. చివరికి ఆవిడ, "అయితే సాయంత్రం పాలు చుస్కిత్ పితకాలి, పొద్దుటివి నువ్వు. కట్టు విప్పాక," అంది. ఇంకాసేపటికి, "ఒట్సల్‌కు ఫోను చెయ్యి. వాడేమన్నా అంటే నాకివ్వు," అని లేచి వెళ్లిపోయింది. ఒట్సల్ కోప్పడలేదు. ఎందుకు దాచావని ఒక్కసారి అడిగి, లేహ్‌లో ఇంకో పెద్ద డాక్టరు ఉన్నాడు, వచ్చే నెల తీసుకెళ్తానన్నాడు.

ఇక మిగిలింది ఆ నాలుగు గంటల ఫోటోలు. యాంగ్‌డోల్ కుడిచెయ్యి కట్టులో ఉంది. వదిలేద్దాం అచే అంది. చుస్కిత్ ఒప్పుకోలేదు. వేళ్లు నావి, లెక్కలు నీవి అని ఆ రాత్రే ఆమెను చెయ్యి పట్టుకుని రాళ్ల దగ్గరికి తీసుకెళ్లి, ఉన్ని దుప్పటి కప్పి కూర్చోబెట్టింది. ట్యాబ్ వెలుగు బయట పడకుండా పైన ఇంకో దుప్పటి గుడారంలా వేసింది.

లెన్సును వెంట్రుకవాసి తిప్పడం మేక పాలు పితికినంత సులువు కాదని చుస్కిత్‌కు అప్పుడు తెలిసింది. "ఇంకొంచెం, ఇంకొంచెం, దాటిపోయారు, వెనక్కి రండి," అంటూ దుప్పటి లోంచి గొంతు వస్తుంటే, మొద్దుబారిన వేళ్లతో అరగంట కుస్తీ పడింది. కెమెరాను ఎటు తిప్పాలో మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. చూపు సారించి ఒక్కసారి గురి పెట్టిందంటే, ట్యాబ్ మీద కృత్తికలు సరిగ్గా నడిమధ్య ఉన్నాయి.

"ఇంత త్వరగా ఎలా పెట్టారు?" అంది యాంగ్‌డోల్. "నాకు గంట పట్టేది."

"అసలు చూడకుండా నువ్వెలా పెట్టేదానివో అది చెప్పు ముందు."

యాంగ్‌డోల్ ఎడమచేత్తో తడిమి ఒక నోటుపుస్తకం తీసి ఇచ్చింది. చుస్కిత్‌కు చదవడం రాదు. ట్యాబ్ వెలుగులో చదివి వినిపించమంది. రోజూ అతిథులకు చుస్కిత్ చెప్పే మాటలన్నీ అందులో ఉన్నాయి. వంటింటి కిటికీ తెర వెనక, దీపం దగ్గర కూర్చుని విని రాసుకుంది. ఎర్ర నక్షత్రానికి జానెడు లోపు కృత్తికలు, అని చుస్కిత్ చెయ్యి చాచి చూపించిన కొలత పక్కన, జానెడంటే ట్యాబ్ మీద ఎన్ని డిగ్రీలో లెక్క వేసి ఉంది. లెక్కలున్న పేజీలన్నిటికీ పైన ఒకే పేరు. అచే జానెడు.

చుస్కిత్ తన చెయ్యి చాచి, ఆకాశం మీద జాన పెట్టి చూసుకుంది.

రెండున్నరకు యాంగ్‌డోల్ ఇక లెన్సుకు మూత పెట్టమంది. చుస్కిత్ మూత పెట్టింది. ఈ మూత గొడవేంటో ఇప్పుడైనా చెప్పమంది.

"కెమెరా లోపల దాని మచ్చలు కొన్ని ఉంటాయి అచే. ఏది ఆకాశంలోదో, ఏది దాని మచ్చో మనకు తెలీదు. మూత పెట్టి తీస్తే దాని మచ్చలొక్కటే వస్తాయి. వాటిని తీసేస్తే మిగిలేదే నిజం ఆకాశం."

చుస్కిత్ ఆ మూత మీద చెయ్యి వేసి, ఫోటోలు అయ్యేదాకా తీయలేదు.

మేళా రోజు మధ్యాహ్నానికి ఫోటో తయారైంది. నీలం పొగ అంచుల దాకా, సన్నటి పోగులు పోగులుగా వచ్చింది. అమాలే దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, ఇంతకీ ఎవరు నిలబడుతున్నారని అడిగింది.

"యాంగ్‌డోలే అమాలే," అంది చుస్కిత్. "పక్కన నేనుంటా. కెటిల్ పట్టుకోవడం నాకు అలవాటేగా."

ముగ్గురూ నవ్వారు. అసూయ పూర్తిగా పోయిందంటే అబద్ధం. ఫోటో చూసి రాత్రికి జనం చప్పట్లు కొడితే ఎక్కడో ఒక మూల చురుక్కుమంటుందని చుస్కిత్‌కు తెలుసు. చురుక్కుమననీ అనుకుంది.

పొద్దు వాలేముందు ఆమె నిచ్చెన ఎక్కి కప్పు మీది జెండాలు విప్పింది. గుమ్మం పక్క మేకు నుంచి పిడకల కుప్ప దాకా, అక్కడ గట్టి గుంజ పాతి, మలుపు తిప్పి రాళ్ల దాకా తాడు లాగింది. దొడ్డి అంచున రాళ్లు పేర్చి చిన్న గోడ కట్టింది. ఎత్తు సరిపోయిందో లేదో తెలియలేదు. గుమ్మంలో నిలబడి తాడు మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంది. తొమ్మిది చుక్కలు లెక్కపెట్టే ఆ కళ్లు గట్టిగా మూసుకుని, ఒకటి, రెండు అంటూ నడిచింది. పదో అడుగుకే భయమేసింది. నేల ఎక్కడ అయిపోతుందో, గోడ ఎక్కడ తగులుతుందో తెలియలేదు. రోజూ ఈ భయంలోంచే నడిచి వెళ్లి ఆ పిల్ల నక్షత్రాలు తెచ్చేది. మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు చెంపల మీదికి జారాయి. తుడుచుకోవాలంటే తాడు వదలాలి. వదల్లేదు. ముప్ఫై రెండో అడుగుకు కాలికి రాయి తగిలింది.

"జెండాలు మళ్లీ అంత కిందికి ఎవరు కట్టారు?" అని గుమ్మంలోంచి అమాలే కేక వేసింది.

"నేనే అమాలే," అంది చుస్కిత్ కళ్లు తెరవకుండానే. "మన ఇంట్లో ఎత్తు ఇంతే."